మొక్కజొన్న బెండా, ఉక్కు పుల్లలా? పేలిన తూటా తొడుగులకు రెండు రకాల తోముడు

అమెరికాలో ఏ షూటింగ్ రేంజికి వెళ్లినా కాల్పులు ఆగిన వెంటనే నడుం వంచిన మనుషులు కనిపిస్తారు. గడ్డిలో, సిమెంటు నేల మీద చెదిరిపడిన ఇత్తడి తొడుగుల్ని ఏరి డబ్బాల్లో పోసుకుంటూ ఉంటారు. తూటాకు నాలుగు భాగాలు: దూసుకుపోయే గుండు, దాన్ని తోసే మందు, మందును అంటించే ప్రైమర్, ఈ మూడింటినీ పట్టి ఉంచే ఇత్తడి తొడుగు. కాల్చాక మొదటి మూడింటి పని అయిపోతుంది. తొడుగు మాత్రం మళ్లీ పనికొస్తుంది, నాలుగింటిలో సాధారణంగా ఖరీదైనదీ అదే. దాన్ని శుభ్రం చేసి, కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, మందు, గుండు పెట్టుకోవడమే రీలోడింగ్. సొంత వాడకానికి చేసుకునేవాళ్లకు అక్కడ ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికి తయారు చేస్తే కావాలి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తూటాల తయారీకే లైసెన్సు ఉండాలి. అందుకే ఈ వ్యాపకం మన ఊళ్లలో కనిపించదు.

మన పతకాలకూ దీనితో చుట్టరికం లేదు. షూటింగ్ అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చే గగన్ నారంగ్, ఈషా సింగ్ ఇద్దరూ హైదరాబాద్‌లో ఎదిగినవాళ్లే. నారంగ్‌కు 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చినది ఎయిర్ రైఫిల్. అందులో మందూ లేదు, తొడుగూ లేదు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈషా వ్యక్తిగత రజతం గెలిచిన 25 మీటర్ల పిస్టల్‌లో వాడేది .22 రిమ్‌ఫైర్ తూటా. దాని ప్రైమర్ మసాలా తొడుగు అంచు మడతలోనే దట్టించి ఉంటుంది. ఒకసారి సుత్తి దెబ్బ తగిలి ఆ అంచు నొక్కుకుపోయాక తొడుగు తుక్కు కిందే లెక్క. మనం మాట్లాడుకుంటున్నవి ప్రైమర్‌ను ఊడదీసి కొత్తది పెట్టగలిగే 9 ఎంఎం, .45 లాంటి పిస్టల్ తొడుగులు, .223, .308 లాంటి రైఫిల్ తొడుగులు. డాలస్, హ్యూస్టన్ పరిసరాల్లో స్థిరపడి వారాంతాల్లో రేంజికి వెళ్లే మనవాళ్లకు ఈ అంకెలు కొత్తవి కావు.

ఏరుకొచ్చిన తొడుగు మసి పట్టి, మట్టి అంటి ఉంటుంది. దాన్ని తోమడానికి రెండు పద్ధతులున్నాయి, రెంటికీ వీరాభిమానులున్నారు. ఒకటి పొడి పద్ధతి: వాల్‌నట్ పెంకు రవ్వలోనో మొక్కజొన్న బెండు రవ్వలోనో వేసి గంటల తరబడి కదిలించడం. రెండోది తడి పద్ధతి: నీళ్లు, సబ్బు, సన్నని స్టెయిన్‌లెస్ ఉక్కు పుల్లలతో కలిపి డ్రమ్ములో దొర్లించడం. మూడోదిగా అల్ట్రాసోనిక్ తొట్టె ఉంది. శబ్ద తరంగాలతో నీటిలో బుడగలు పుట్టించి మసిని విడగొడుతుంది. శుభ్రం చేస్తుంది కానీ మెరిపించదు, ఒక విడతకు పట్టేవీ తక్కువే. దాన్ని ఇక్కడితో వదిలేస్తాను. అసలు పోటీ మొదటి రెంటి మధ్యనే.

పద్ధతుల్ని తూచే ముందు తూకపు రాళ్లు ఏవో తేల్చుకోవాలి. తొడుగును శుభ్రం చేయాల్సిన కారణాలు మూడు. కాల్చినప్పుడు ఉబ్బిన తొడుగును తిరిగి కొలతకు నొక్కే ఉక్కు అచ్చును డై అంటారు. తొడుగుకు అంటిన ఇసుక రేణువు ఆ డై లోపలి గోడను గీస్తుంది, ఆ గీత తరువాత వచ్చే ప్రతి తొడుగు మీదా పడుతుంది. ఇది మొదటి కారణం. రెండోది, మసి కింద దాగిన పగుళ్లు కంటికి కనిపించాలి. మూడోది, నింపిన తూటా తుపాకి గదిలోకి ఇరుక్కోకుండా వెళ్లాలి, తేలిగ్గా బయటికి రావాలి. ఈ మూడింటిలో తళతళ ఎక్కడా లేదు. అయినా అమ్మకాల బొమ్మల్లో, గ్యారేజీ గొప్పల్లో ముందు కనిపించేది తళతళే. తడి పద్ధతికి వచ్చిన పేరులో సగం దానిదే అని నా అభిప్రాయం.

పొడి పద్ధతి యంత్రం సాదాసీదాది. గిన్నె, అడుగున మోటారు, తిరిగే ఇరుసుకు ఒకవైపు బరువు. గిన్నె అదురుతూ ఉంటే రవ్వ తొడుగుల చుట్టూ, లోపలా ప్రవహిస్తుంది. వాల్‌నట్ పెంకు గట్టిది, మసిని త్వరగా గీరుతుంది. మొక్కజొన్న బెండు మెత్తనిది, నిదానంగా మెరుగు పెడుతుంది. వాల్‌నట్ రవ్వను అమెరికాలో పెంపుడు జంతువుల దుకాణాల్లో బల్లులకు పరుపుగా అమ్ముతారు. రీలోడింగ్ దుకాణం ధర చూసి బెదిరినవాళ్లు అక్కడికెళ్లి బస్తా తెచ్చుకుంటారు. రవ్వలో ఒక మూత కారు పాలిష్ పోసేవాళ్లు చాలామంది. రవ్వ లేపే దుమ్మును పట్టుకోవడానికి బట్టల డ్రయ్యర్‌లో వాడేసిన పల్చటి గుడ్డను ముక్కలు చేసి గిన్నెలో పడేస్తారు, ఆ ముక్కలు నల్లగా బయటికొస్తాయి. రెండు మూడు గంటల తరువాత తొడుగు బయటివైపు చక్కగా మెరుస్తుంది, లోపల పల్చటి మసి మిగులుతుంది, ప్రైమర్ కూర్చునే గుంట మాత్రం దాదాపు ఎప్పటిలాగే ఉంటుంది.

తడి పద్ధతి యంత్రం అసలు రాళ్లను మెరుగు పెట్టడానికి పుట్టింది. థమ్లర్స్ టంబ్లర్ అనే డ్రమ్ము రంగురాళ్ల వ్యాపకంవాళ్ల దగ్గరి నుంచే రీలోడింగ్ బల్ల మీదికి వచ్చింది. తరువాత ఈ పనికోసమే డ్రమ్ములు తయారయ్యాయి. వాటిలో బాగా అమ్ముడైన ఒకదాని మీద ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్ అని ఉంటుంది. 1816 నుంచి 1977 దాకా ఫిలడెల్ఫియాలో నడిచిన సైనిక ఆయుధాగారం పేరది. ఇప్పుడది కేవలం బ్రాండు. డ్రమ్ములో వేసే పుల్ల ఒక్కోటి సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం, ఆరున్నర మిల్లీమీటర్ల పొడవు. అయిదు పౌండ్ల పుల్లలు, నిండా నీళ్లు, కొంచెం గిన్నెలు తోమే సబ్బు, పావు చెంచా లెమీ షైన్. ఈ లెమీ షైన్ నిజానికి డిష్‌వాషర్‌లో గాజు గ్లాసుల మీద ఉప్పునీటి తెల్లమరకలు పోవడానికి అమ్మే పొడి. అందులో పనిచేసేది సిట్రిక్ ఆమ్లం. గంట రెండు గంటలు దొర్లించి తీస్తే తొడుగు లోపలా బయటా, ప్రైమర్ గుంటతో సహా, ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చినట్టు ఉంటుంది. ఈ మాటలో అతిశయోక్తి లేదు.

ఈ రెంటి తేడా అర్థం చేసుకోవడానికి తెలుగింటివాళ్లు దూరం పోనక్కర్లేదు. ఇత్తడి బిందెను బూడిదతో, కొబ్బరి పీచుతో రుద్దడం ఒకటి, చింతపండు పులుసు పూసి కడగడం మరొకటి. మొదటిది రాపిడి మీద నడుస్తుంది, రెండోది పులుపు మీద. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, లెమీ షైన్‌లోని సిట్రిక్ ఆమ్లం చేసే పని ఒకటే: ఇత్తడి మీద పట్టిన రాగి ఆక్సైడు పొరను కరిగించడం. చింతపండుతో తోమిన బిందె ఎంత త్వరగా మెరుస్తుందో, ఆరబెట్టడంలో అశ్రద్ధ చేస్తే అంత త్వరగా మచ్చలు పడుతుంది. తడి తోముడులోనూ అదే. పులుపు మోతాదు మించినా, వెనిగర్‌లో గంటలకొద్దీ నానబెట్టినా పైపొరలోని జింకు కరిగిపోయి రాగి మిగులుతుంది, తొడుగు గులాబి రంగుకు తిరుగుతుంది. తూటా తొడుగుకు వాడే ఇత్తడిలో రాగి 70 శాతం, జింకు 30 శాతం. ఆ పాళ్లే దానికి సాగే గుణాన్నీ బిగువునూ ఇచ్చాయి.

ఇంతవరకు చూస్తే తడి పద్ధతిదే గెలుపు అనిపిస్తుంది. మెరుపును పక్కనపెట్టి పనిలోకి దిగాక లెక్క మారుతుంది.

ముందు పని వరస చూడండి. పిస్టల్ తూటాలు వందల్లో నింపేవాళ్లు ప్రోగ్రెసివ్ ప్రెస్ వాడతారు. పిడిని ఒక్కసారి కిందికి లాగితే ఒక గడిలో పాత ప్రైమర్ ఊడుతుంది, తొడుగు కొలతకు వస్తుంది, పక్క గడిలో మందు పడుతుంది, ఆ పక్కన గుండు కూర్చుంటుంది. పొడి పద్ధతివాడు పాత ప్రైమర్ ఉన్న తొడుగునే రవ్వలో తోమి నేరుగా ఈ యంత్రానికి ఇస్తాడు. తడి పద్ధతివాడికి ఆ వీలు లేదు. పాత ప్రైమర్ ఉండగా కడిగితే గుంటలో నీరు నిలుస్తుంది, గుంటను శుభ్రం చేసే అవకాశమూ పోతుంది. కాబట్టి ప్రతి తొడుగునీ ముందుగా విడిగా డీప్రైమ్ చేయాలి, అంటే పాత ప్రైమర్ ఊడదీయాలి, కడగాలి, పుల్లలు వేరు చేయాలి, రెండు మూడుసార్లు జాడించాలి, ఆరబెట్టాలి. ఆరడం మామూలు సంగతి కాదు. సన్నని మూతి ఉన్న .223 తొడుగులో నీటి బొట్టు మొండిగా కూర్చుంటుంది. ఆ బొట్టు మీద మందు పోస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఎండలో పెట్టేవాళ్లు ఎండలో పెడతారు. పండ్ల ముక్కలు ఎండబెట్టే డీహైడ్రేటర్ కొన్నవాళ్లూ ఉన్నారు, దాన్ని మళ్లీ వంటింట్లోకి తేకూడదు. వంట ఓవెన్‌లో పెట్టేవాళ్లు రెండు తప్పులు చేస్తున్నారు. ఒకటి, తిండి వండే చోట సీసం తగిలిన లోహం పెట్టడం. రెండు, మీట కాస్త ఎక్కువ తిరిగిందంటే ప్రమాదం. ఇత్తడి బిగువు 250 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో సడలడం మొదలవుతుంది. తొడుగు అడుగు భాగం మెత్తబడకూడదు. .308 విన్‌చెస్టర్ తూటాకు అమెరికా పరిశ్రమ ప్రమాణం అనుమతించే గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. దాన్ని కాల్చేవాడి ముఖానికి అంగుళాల దూరంలో ఆపుతున్నది ఆ అడుగే.

ఇక మూతి సంగతి. తడి డ్రమ్ములో తొడుగులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. గంటలు గడిచేకొద్దీ మూతి అంచు నలిగి లోపలికీ బయటికీ చిన్న పెదవిలా మడత పడుతుంది. గుండు కూర్చోబెట్టేటప్పుడు ఆ పెదవి గుండు మీది రాగి పొరను గీరుతుంది. డ్రమ్ము నిండా తొడుగులు, నిండా నీళ్లు ఉంటే ఈ బాధ తగ్గుతుంది, సమయం తగ్గించినా తగ్గుతుంది. అయినా రైఫిల్ తొడుగుల మూతిని కడిగాక మళ్లీ చెక్కుకునే పని చాలామందికి తప్పడం లేదు. రవ్వలో ఈ గుద్దులాట బాగా తక్కువ, మధ్యలో మెత్తని రవ్వ ఉంటుంది గనుక.

గుండును పట్టి ఉంచే మెడ లోపలి గోడ దగ్గర నా మొగ్గు పూర్తిగా పొడి పద్ధతి వైపే. కాల్చిన తొడుగు మెడ లోపల పల్చటి కార్బన్ పొర మిగులుతుంది. పొడి తోముడు దాన్ని వదిలేస్తుంది, తడి తోముడు గీరి వట్టి ఇత్తడిని బయటపెడుతుంది. ఆ పొర మురికే కదా, పోతే మంచిదే అనుకుంటాం. దూరపు లక్ష్యాల పోటీల్లో కాల్చేవాళ్లు అలా అనుకోరు. ఆ కార్బన్ వాళ్లకు గుండుకూ మెడకూ మధ్య పొడి కందెన. అది పోతే గుండును మెడలోకి నెట్టడానికి కావలసిన బలం పెరుగుతుంది. పెరగడం కన్నా పెద్ద చిక్కు, ఒక్కో తొడుగుకు ఒక్కోలా పెరగడం. కొన్ని నెలలు నిలవ ఉన్న తూటాల్లో గుండు మెడకు అంటుకుపోయిందనే ఫిర్యాదులూ ఉన్నాయి. అందుకే తడి తోముడు చేసిన పోటీ షూటర్లలో చాలామంది ఆ తరువాత మెడ లోపల గ్రాఫైట్ పొడి రాస్తారు. ఉన్న కందెనను కష్టపడి గీరేసి, డబ్బు పెట్టి ఇంకో కందెన కొని రాయడం! ఇందులోని వింత వాళ్లకు తెలియదని కాదు. తెలిసీ చేస్తారంటే తళతళకు అంత బలం ఉందన్నమాట. తుపాకిని బల్ల మీద ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీల పాతకాపులు కొందరు మెడలో నైలాన్ బ్రష్షు రెండుసార్లు తిప్పి, బయట సన్నని ఉక్కు ఉన్నితో ఒకసారి తుడిచి ఊరుకుంటారు. వాళ్ల తొడుగులు అందంగా ఉండవు. లక్ష్యం మీది రంధ్రాలు మాత్రం ఒకదానిలో ఒకటి పడతాయి.

ప్రైమర్ గుంట విషయంలో తడి పద్ధతికి మార్కులు వేయక తప్పదు. గుంటలో మసి పేరుకుంటే కొత్త ప్రైమర్ లోతుగా కూర్చోదు, తొడుగు అడుగు కన్నా కొంచెం పైకి నిలుస్తుంది. రివాల్వర్‌లో అది తిరిగే చక్రాన్ని పట్టేస్తుంది. ఇతర తుపాకుల్లో మొదటి దెబ్బకు ప్రైమర్ కిందికి జరగడమే సరిపోయి తూటా పేలకపోవచ్చు. పొడి తోముడు ఈ గుంటను బాగు చేయలేదు. అయితే ఒక చిన్న గీరుడు పరికరం ఆ పని చేతితో చేస్తుంది, ప్రతిసారీ చేయాల్సిన అవసరమూ ఉండదు. దీనికి పొడి పద్ధతిలో ఎదురు బాధ కూడా ఉంది. డీప్రైమ్ చేసిన తొడుగుల్ని రవ్వలో వేస్తే గింజ వెళ్లి ప్రైమర్ గుంట మధ్య ఉండే 2 మిల్లీమీటర్ల నిప్పు రంధ్రంలో ఇరుక్కుంటుంది. సన్నరకం బెండు రవ్వ కొనుక్కుంటే చాలావరకు తప్పుతుంది. తడి పద్ధతిలోనూ అంతే, రెండు పుల్లలు పక్కపక్కన చేరి చిన్న తొడుగు మూతిలో ఇరుక్కున్నాయంటే పటకారతో లాగాలి. మరిచిపోయిన గింజ మందుతో పాటు కాలిపోతుంది. మరిచిపోయిన ఉక్కు పుల్ల కాలదు, తుపాకి గొట్టంలోంచే బయటికి పోవాలి.

తనిఖీ విషయంలో రెంటికీ చెరో సగం. తడి తోముడు తరువాత తొడుగు లోపలి గోడ అడుగుదాకా కనిపిస్తుంది, దీపం వేసి చూస్తే నెర్రెలు దొరుకుతాయి. కానీ అడుగుకు కొంచెం పైన తొడుగు చుట్టూ వచ్చే మెరిసే గీత ఒకటుంది. ఆ చోట ఇత్తడి సాగి పల్చబడిందని, ఇంకోసారి కాలిస్తే అడుగు ఊడి రావచ్చని హెచ్చరిక అది. మొత్తం తొడుగు అద్దంలా మెరుస్తున్నప్పుడు ఆ గీత కంటికి ఆనకపోవచ్చు. తోమే ముందు ఒకసారి చూడటం, అనుమానం వస్తే కొస వంచిన సన్నని తీగతో లోపల తడిమి చూడటం రెండు వర్గాలవాళ్లకూ అవసరమే.

మెరుపు కోసం ఏ పాలిష్ పడితే అది పూసేవాళ్లకు ఒక పాత సంగతి చెప్పాలి. ఇది మన నేల మీదే జరిగింది. బ్రిటిష్ పాలన రోజుల్లో భారతదేశంలోని సైన్యం దగ్గర ఇత్తడి తూటాలు వానాకాలంలో కారణం తెలియకుండా పగిలేవి. కాల్చినందుకు కాదు, ఊరికే నిలవ ఉండగానే. తొలకరితో మొదలై వానలతో పెరిగేది గనుక ఇంగ్లీషువాళ్లు దానికి రుతువు పేరుతో సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. గుర్రపుశాలల దగ్గర నిలవచేసిన తూటాల్లో ఇది ఎక్కువ. గుర్రాల మూత్రంలోంచి పుట్టే అమ్మోనియా తేమతో కలిసి ఇత్తడిలోకి దిగుతుంది. తొడుగును పల్చటి బిళ్ల నుంచి విడతలు విడతలుగా లాగి తయారు చేస్తారు, ఆ లాగుడు బిగువు లోపలే మిగిలి ఉంటుంది. బిగువు ఒకవైపు, అమ్మోనియా ఒకవైపు లాగితే లోహం చీలుతుంది. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు పరిశోధకులు దీన్ని విడమరచి చెప్పారు. అందుకే ఘాటైన అమ్మోనియా వాసన వచ్చే ఇత్తడి పాలిష్ ద్రవాలు దేవుడి దీపపు కుందెకు పనికొస్తాయి గానీ తూటా తొడుగు దగ్గరికి రానివ్వకూడదు. రీలోడింగ్ చేసేవాళ్లు కారు పాలిష్ వైపు మొగ్గడంలో ఈ తెలివి ఉంది. పోటీలో ఉన్న రెండు పద్ధతుల్లోనూ, సరిగా చేస్తే, అమ్మోనియా జోక్యం లేదు.

పొడి పద్ధతిని ఇంతసేపు మెచ్చుకున్నాక దాని పెద్ద పాపం కూడా చెప్పాలి. అది దుమ్ము. మామూలు ప్రైమర్‌లో లెడ్ స్టిఫ్నేట్ అనే సీసపు లవణం ఉంటుంది, తోడుగా బేరియం, ఆంటిమొనీ లవణాలు. కాల్చాక ఆ సీసం తొడుగు లోపల బూడిదగా మిగులుతుంది. పొడి తోముడు దాన్ని రవ్వలోకి చేరుస్తుంది. ఆ రవ్వను జల్లెడ పట్టిన ప్రతిసారీ గాలిలోకి లేచేది బెండు పొడి ఒక్కటే కాదు. పిల్లల రక్తంలో సీసానికి సురక్షితమైన మోతాదంటూ లేదని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. జాగ్రత్తపడాల్సిన స్థాయిని 2021లో డెసీలీటరుకు 3.5 మైక్రోగ్రాములకు తగ్గించింది. అమెరికా ఇళ్లలో గ్యారేజీకీ ఇంటికీ మధ్య ఒక తలుపే అడ్డం. మనవాళ్ల ఇళ్లలో అదే తలుపు దగ్గర చెప్పులు విడుస్తారు, అక్కడే పసిపిల్లలు పాకుతారు, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు నేల మీదే కూర్చుంటారు. తడి పద్ధతి ఈ విషయంలో తిరుగులేనిది. సీసం నీటిలోనే ఉండిపోతుంది, గాలిలోకి లేవదు. ఆ నల్లటి నీళ్లను తోటలో కరివేపాకు మొక్కకు పోయనంతవరకు సమస్య లేదు.

పొడి పద్ధతివాళ్లు తడి పద్ధతిని నిన్నగాక మొన్న వచ్చిన మోజు అని తీసిపారేస్తారు. చరిత్ర అలా లేదు. 19వ శతాబ్దిలో అమెరికా మైదానాల్లో అడవిదున్నల్ని వేటాడినవాళ్లు తూటాల్ని డేరాలోనే నింపుకునేవారు. 1873లో వచ్చిన .45-70 లాంటి తూటాలకు నల్లమందు, అంటే నల్లటి తుపాకిమందు (బ్లాక్ పౌడర్), వాడేవారు. నల్లమందు మసి గాలిలోని తేమను పీల్చుకుని ఇత్తడిని తినేస్తుంది, అందుకని కాల్చిన రోజే తొడుగుల్ని నీళ్లలో వేసి కడిగేవారు. అంటే తడి పద్ధతే అసలు పెద్దది. పొగలేని మందు వచ్చాక నీళ్ల అవసరం తగ్గింది, పొడి రవ్వకు చోటు దొరికింది. ఆ మార్పు నడిమధ్యన ఇంకో విడ్డూరం జరిగింది. అప్పటి ప్రైమర్లలో పాదరసపు ఫల్మినేట్ ఉండేది. నల్లమందు రోజుల్లో దండిగా మిగిలే మసి ఆ పాదరసాన్ని పలచబరిచేది. పొగలేని మందులో అంత మసి లేదు, పాదరసం నేరుగా ఇత్తడితో కలిసి తొడుగును పెళుసు చేసేసింది. దాన్ని ఎంత తోమినా ప్రయోజనం లేదు, చెడింది పైపూత కాదు, లోహమే. అమెరికా సైన్యం 1890ల చివర్లో పాదరసం ప్రైమర్లు మానేసింది. ఇప్పటికీ నల్లమందు కాల్చేవాళ్లున్నారు, వాళ్లకు ఈ పోటీలో తీర్పు ఎప్పుడో అయిపోయింది: నీళ్లే.

రేంజిలో వాన వెలిశాక బురదలోంచి ఏరిన తొడుగులకూ నీళ్లే మేలు. బురద పట్టిన తొడుగుల్ని రవ్వలో వేస్తే రవ్వ మొత్తం పాడవుతుంది, పైగా డైని గీసే ఇసుకంతా అందులోనే తిరుగుతూ ఉంటుంది.

కడిగిన తొడుగు నిలవ ఉంటే వారాల్లోనే మళ్లీ రంగు మారుతుందనే ఫిర్యాదులో నిజం ఉంది. పులుపు పాత పొరను తీసేస్తుంది, సబ్బు జిడ్డును తీసేస్తుంది, గాలికి లోహం నగ్నంగా దొరుకుతుంది. రవ్వలో కారు పాలిష్ వేసి తోమినదానికి పల్చటి మైనం పొర మిగులుతుంది. అది రంగు మారడాన్ని ఆలస్యం చేస్తుంది, పిస్టల్ తొడుగులు కార్బైడ్ డైలోకి జారేటప్పుడు చేతికి తేడా తెలుస్తుంది. కడిగి ఆరబెట్టిన తొడుగు అదే డైలో కీచుమంటుంది.

ఇన్ని లెక్కలు చూశాక నా తీర్పు ఇది. 9 ఎంఎం, .45 తొడుగుల్ని వందల్లో నింపేవాడికి పొడి పద్ధతే సరైనది: పని తక్కువ, డైకి మేలు, మూతికి దెబ్బ లేదు. గురి కోసం రైఫిల్ తూటా నింపేవాడికి కూడా అదే, గంట మించకుండా, మెడ లోపల అద్దం కోసం ఆశపడకుండా. నల్లమందు, బురద తొడుగులు, ఎక్కడో దొరికిన పాత తొడుగులు తడి పద్ధతికి వదిలేయాలి. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, రవ్వను బయట జల్లెడ పట్టే చోటు లేదు అంటే మాత్రం పైన చెప్పిన మేలన్నీ పక్కనపెట్టి తడి డ్రమ్మే కొనండి, మెడకు కాస్త గ్రాఫైట్ రాసుకోవడం పెద్ద ఖర్చేం కాదు. రవ్వ వాడేవాళ్లు గిన్నెకు మూత తీయకుండా నడపండి, జల్లెడ ఆరుబయట పట్టండి, చేతులు కడగనిదే పిల్లల్ని ఎత్తుకోకండి. నల్లబడిన రవ్వను ఇంటి చెత్తబుట్టలో పడేయకుండా మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి.